కొండ పరుగు, కోడింగ్ ఉద్యోగం: రెండింటికీ లెక్క చూసే ఇంటర్వల్స్ డాట్ ఐసీయూ ఎంతవరకు పనికొస్తుంది?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ డెబ్బై, వంద కిలోమీటర్ల కొండ పరుగులకు సిద్ధమయ్యేవాళ్లకు బలం కంటే ముందు టైమ్ చాలదు. వారానికి ఎనిమిది, పది గంటలు దొరికితే గొప్ప. ఉన్న ఆ గంటల్లో ఏది ఎక్కడ పెట్టాలి, ఏ వారం పెంచాలి, ఏ వారం తగ్గించాలి అన్నదే అసలు చిక్కు. అసాధ్యమేమీ కాదు. అమెరికాలోని టెనెసీ అడవుల్లో 60 గంటల గడువుతో జరిగే బార్క్లీ మారథాన్స్‌ను 2017లో పూర్తిచేసిన జాన్ కెల్లీ అప్పట్లో డేటా సైన్స్ ఉద్యోగంలోనే ఉన్నాడు. కానీ లెక్క తప్పితే మోకాలో, నిద్రో, ఉద్యోగమో ఏదో ఒకటి దెబ్బతింటుంది.

ఈ లెక్క చూసిపెట్టే వెబ్ సర్వీసుల్లో ఇంటర్వల్స్ డాట్ ఐసీయూ ఒకటి. దక్షిణాఫ్రికా డెవలపర్ డేవిడ్ టింకర్ తయారుచేశాడు. ఉచితం, ఇష్టమైనవాళ్లు నెలకు 4 డాలర్లు కట్టి మద్దతివ్వచ్చు. ముందే తీర్పు చెప్పేస్తాను: కొండ పరుగు చేసే ప్రోగ్రామర్‌కు ఇంతకంటే బాగా కుదిరే సర్వీసు నాకు కనిపించలేదు. అయితే ఖాతా తెరిచి, వాచీ కలిపేసి, ఇక అదే చూసుకుంటుందని వదిలేస్తే రెండు విషయాల్లో మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఒకటి కొండ దిగుడు, రెండోది నిద్రలేని రాత్రి. ఆ రెండింటినీ మనమే సరిదిద్దుకునే వీలు కూడా అందులోనే ఉంది. దీన్ని మెచ్చుకోవడానికి నాకున్న కారణం అదే.

ముందు అది ఏం లెక్కపెడుతుందో చూద్దాం. ప్రతి వ్యాయామానికీ ఒక ‘లోడ్’ సంఖ్య ఇస్తుంది. మీ త్రెషోల్డ్ దగ్గర, అంటే గంటసేపు నిలబెట్టుకోగలిగిన గరిష్ఠ శ్రమలో, గంటసేపు పరిగెత్తితే సుమారు 100. ఆ లోడ్‌ల 42 రోజుల సగటు ఫిట్‌నెస్, 7 రోజుల సగటు అలసట. రెండు సగటుల్లోనూ దగ్గరి రోజులకే బరువు ఎక్కువ. ఫిట్‌నెస్‌లోంచి అలసట తీసేస్తే వచ్చేది ఫామ్. ఫామ్ మైనస్ 10 నుంచి మైనస్ 30 మధ్య ఉంటే శిక్షణ బాగా సాగుతోందని ఆకుపచ్చలో, మైనస్ 30 దాటి పడిపోతే ప్రమాదమని ఎరుపులో చూపిస్తుంది.

వాచీని కలపడంలోనే మొదటి పొరపాటు జరుగుతుంది. చాలామంది అలవాటుగా స్ట్రావా (పరుగులు నమోదు చేసి పంచుకునే యాప్) ద్వారా కలుపుతారు. అలా చేయకండి. గార్మిన్, కోరోస్, సూంటో, పోలార్ ఏదైనా సరే నేరుగా కలపండి. 2024 నవంబర్‌లో స్ట్రావా తన ఏపీఐ (వేరే ప్రోగ్రాములు డేటా తీసుకునే దారి) నిబంధనలు మార్చాక, స్ట్రావా మీదుగా వచ్చిన పరుగుల డేటాను ఇంటర్వల్స్ తన ఏపీఐలో బయటికి ఇవ్వడం లేదు. రేపు మీరు స్క్రిప్ట్ రాద్దామని కూర్చుంటే ఆ పరుగులన్నీ ఖాళీగా కనిపిస్తాయి. పాత రికార్డులు కూడా తెచ్చుకోవాలి. గార్మిన్ వాళ్లయితే తమ ఖాతా డేటా మొత్తాన్ని జిప్‌గా తెప్పించుకుని ఎక్కించుకోవచ్చు. పాత డేటా లేకుండా మొదలుపెడితే ఫిట్‌నెస్ సున్నా నుంచి లెక్క కడుతుంది. రోజూ ఒకే లోడ్ చేసినా 42 రోజులకు అసలు విలువలో 63 శాతమే చూపిస్తుంది. ఆ గ్రాఫు చూసి ‘ఇంకా వెనకబడ్డాం’ అనుకుని దూరం పెంచితే గాయం ఖాయం.

తర్వాతది త్రెషోల్డ్ గుండె వేగం. దీన్ని డిఫాల్ట్‌కు వదిలేస్తే ఆ తర్వాత వచ్చే ప్రతి సంఖ్యా తప్పే. పరీక్ష సులువే: బాగా వార్మప్ చేసి, చదునైన దారిలో 30 నిమిషాలు ఒంటరిగా, ఆపకుండా, నిలబెట్టుకోగలిగినంత గట్టిగా పరిగెత్తండి. చివరి 20 నిమిషాల సగటు గుండె వేగమే మీ సంఖ్య. హైదరాబాద్‌లో అయితే ఏప్రిల్, మే నెలల్లో ఈ పరీక్ష పెట్టుకోవద్దు. ఎండకు గుండె వేగం పైకి వెళ్లిపోయి తప్పు విలువ వస్తుంది. ఛాతీ పట్టీ తప్పనిసరి. మణికట్టు సెన్సార్ దిగుడులో, పోల్స్ (చేతికర్రలు) పట్టుకున్నప్పుడు గుండె వేగం బదులు అడుగుల వేగాన్ని పట్టుకుంటుంది. ఆయాసమే లేని దిగుడులో 170, 175 కనిపిస్తోందంటే అది గుండె కాదు, మీ అడుగులే. అలాంటి రికార్డులో గుండె వేగాన్ని పక్కన పెట్టమని చెప్పే వీలుంది, వాడుకోండి.

ఇంకో చిన్న ఉచ్చు ఉంది. వాచీలో కొన్నిసార్లు ‘ట్రయిల్ రన్’ నొక్కుతాం, నిటారు కొండ నడకకు ‘హైక్’ నొక్కుతాం. ఇంటర్వల్స్‌లో ఒక్కో రకానికి సెట్టింగులు వేరు. హైక్ కింద త్రెషోల్డ్ పెట్టకపోతే అదే కొండ, అదే శ్రమకు రెండు వేర్వేరు లోడ్‌లు వస్తాయి. రెండు చోట్లా ఒకే విలువ పెట్టండి. రన్ సెట్టింగుల్లో లోడ్‌ను దేని ఆధారంగా లెక్కకట్టాలో క్రమం ఉంటుంది. కొండ పరుగుకు వేగం కంటే గుండె వేగాన్ని ముందుకు తెండి. కారణం ట్రెడ్‌మిల్‌లో తేటగా తెలుస్తుంది. 15 శాతం ఏటవాలులో గంటకు 5 కిలోమీటర్ల చొప్పున గంట నడిస్తే దాదాపు 740 మీటర్లు ఎక్కినట్టు. వేగం లెక్కకు మాత్రం అది సాయంత్రపు షికారు. పైగా ట్రెడ్‌మిల్ వాలు వాచీకి తెలియదు కాబట్టి ఎక్కిన మీటర్లు సున్నా. అందుకే ఒక కస్టమ్ ఫీల్డ్ (మనం సొంతంగా కలుపుకునే గడి) పెట్టుకుని ఆ మీటర్లను చేత్తో ఎక్కించుకోవాలి.

ఇక అసలు విషయం, దిగుడు. కొండ ఎక్కేటప్పుడు ఖర్చయ్యేది గుండె, ఊపిరి. దిగేటప్పుడు దెబ్బతినేది తొడల ముందు కండరాలు. సాగుతూనే బరువు ఆపాల్సి రావడంతో కండరం లోపల సన్నగా చిరుగుతుంది. ఆ సమయంలో గుండె వేగం తక్కువే కాబట్టి ఇంటర్వల్స్ దృష్టిలో అది తేలిక పని. ఒక లెక్క వేసి చూడండి. ఫిట్‌నెస్ 50, అలసట 50 ఉన్న మనిషి 12 గంటల కొండ రేస్ పూర్తిచేశాడు, లోడ్ 600 వచ్చింది. మర్నాడు పొద్దున తెరిచి చూస్తే ఫిట్‌నెస్ 63, అలసట 123, ఫామ్ మైనస్ 60. ఒక్క రోజులో ఫిట్‌నెస్ 13 పెరిగిందట! ఆ మనిషి ఆ పొద్దున మెట్లు దిగలేడు. ఇంకా పెద్ద మోసం ఆరో రోజున. పూర్తి విశ్రాంతి తీసుకుంటే అలసట 52కు, ఫిట్‌నెస్ 55కు వచ్చి ఫామ్ సున్నా దాటి పైకి వచ్చేస్తుంది. పద్నాలుగో రోజుకు అలసట 17, ఫిట్‌నెస్ 45. గ్రాఫు ప్రకారం తాజాగా ఉన్నాడు, ఫిట్‌నెస్ కూడా జారిపోతోంది కాబట్టి వెంటనే పరిగెత్తాలి. తొడల్లో మాత్రం మరమ్మతు ఇంకా నడుస్తూనే ఉండవచ్చు. పెద్ద రేస్ తర్వాత మొదటి రెండు వారాలు ఫామ్ గీతను అసలు నమ్మొద్దు. మెట్లు దిగేటప్పుడు నొప్పి ఉందా, ఒంటికాలి మీద మెల్లగా కూర్చుని లేవగలుగుతున్నారా అన్నదే చూడండి.

సర్వీసును తప్పుపట్టి ఊరుకోవాల్సిన పని లేదు. ఇక్కడే ప్రోగ్రామర్ చేతి పని మొదలవుతుంది. ఇందులో ప్రతి పరుగుకూ కొత్త ఫీల్డ్ కలిపి, దాని విలువను జావాస్క్రిప్ట్‌తో లెక్కకట్టించవచ్చు. ఎత్తు డేటా తీసుకుని మొత్తం దిగిన మీటర్లు కట్టే స్క్రిప్ట్ పది పదిహేను లైన్లే. అయితే ఒక నమూనాకూ (సెన్సార్ తీసిన ఒక్కో కొలతకూ) తర్వాతి నమూనాకూ ఉన్న ప్రతి చిన్న తేడానీ కూడేస్తే సెన్సార్ గందరగోళమంతా దిగుడుగా చేరి సంఖ్య ఉబ్బిపోతుంది. ఒక ఆధార ఎత్తు పెట్టుకోండి. దానికంటే 3 మీటర్లో అంతకు మించో కిందికి వచ్చినప్పుడే తేడాను మొత్తంలో కలిపి, ఆధారాన్ని అక్కడికి మార్చండి; 3 మీటర్లో అంతకు మించో పైకి వెళితే ఏమీ కలపకుండా ఆధారాన్ని మాత్రం మార్చండి. డేటా లేని నమూనాలను దాటేయండి. పాత పరుగులకూ విలువ రావాలంటే వాటిని మళ్లీ విశ్లేషించమని చెప్పాలి. గాలి ఒత్తిడితో ఎత్తు కొలిచే వాచీ బారోమీటర్ రంధ్రం చెమటతోనో, మట్టితోనో మూసుకుపోతే ఎక్కని కొండలు కూడా ఎక్కినట్టు చూపిస్తుంది; వారానికోసారి మంచినీళ్లతో కడిగితే చాలు.

ఆ ఫీల్డ్‌ను వారాలవారీగా గ్రాఫులో పెట్టుకుంటే మొదటిసారి కొండ మనిషికి పనికొచ్చే చిత్రం కనబడుతుంది. వారం వారం దిగుడును పావు వంతు కంటే ఎక్కువ పెంచకండి. అన్నిటికంటే పెద్ద దిగుడు రోజు రేస్‌కు రెండు మూడు వారాల ముందు రావాలి. ఒకసారి దెబ్బతిని కోలుకున్న కండరం తర్వాతి దిగుడును బాగా ఓర్చుకుంటుంది, ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. ఆఖరి వారంలో చేస్తే మాత్రం ఆ నొప్పితోనే రేస్‌కు వెళ్లాలి.

ఏ రేస్‌కు ఎలాంటి దిగుడో కూడా చూసుకోవాలి. లదాఖ్‌లోని ఖర్దుంగ్‌లా ఛాలెంజ్ 72 కిలోమీటర్లు. ఖర్దుంగ్ ఊరి నుంచి 5,370 మీటర్ల కనుమ ఎక్కి, అక్కడి నుంచి 3,500 మీటర్ల లేహ్‌కు దిగాలి. అంటే 1,850 మీటర్లకు పైగా దిగుడు, దాదాపు 40 కిలోమీటర్ల రోడ్డు మీద. వాలు మెల్లగా ఉన్నా గట్టి నేల మీద గంటల తరబడి పరుగు. దానికి నిటారు గుట్టలు దిగి సిద్ధమైతే చాలదు. ఘాట్ రోడ్డు పరుగే కావాలి. పైన ఇంకో సమస్య: అంత ఎత్తులో మామూలు నడకకే గుండె వేగం పెరుగుతుంది, గరిష్ఠ వేగమేమో తగ్గుతుంది. లేహ్‌లో అలవాటు పడే రోజుల లోడ్ సంఖ్యలు కింద చేసిన వాటితో పోల్చదగినవి కావు. ఆ రోజుల్లో సంఖ్యను పక్కన పెట్టి శ్రమ ఎంత అనిపించిందో పది మార్కుల్లో రాసుకోండి. ఆ గడి ప్రతి పరుగు పేజీలోనూ ఉంటుంది.

హైదరాబాద్ వాళ్లకు దిగుడు ఎక్కడ అన్నది నిజమైన ప్రశ్నే. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలు వారాంతానికి సరిపోతాయి. వారం మధ్యలో ఆఫీసు టవరే దిక్కు. 25 అంతస్తులు, అంతస్తుకు మూడున్నర మీటర్లు చొప్పున ఒక్కసారి దిగితే 87.5 మీటర్లు. మామూలు మనుషులు మెట్లెక్కి లిఫ్టులో దిగుతారు. కొండ పరుగువాళ్లు కొన్ని రోజులు లిఫ్టులో ఎక్కి మెట్లు దిగాలి, పదిసార్లు దిగితే 875 మీటర్లు. ఫైర్ ఎగ్జిట్ తలుపులు చాలా భవనాల్లో మెట్ల వైపు నుంచి తెరుచుకోవు. సెక్యూరిటీకి ముందే చెప్పి, ఏ అంతస్తులో కార్డు పనిచేస్తుందో కనుక్కున్నాకే దిగండి. అక్కడ జీపీఎస్ ఉండదు, ఏసీ భవనంలో తలుపు తెరిచినప్పుడల్లా బారోమీటర్ ఎగిరిపడుతుంది. అంతస్తులు లెక్కపెట్టి చేత్తో ఎక్కించడమే నమ్మకం. తిరుపతి వైపు వాళ్లు అలిపిరి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు 2,388 మెట్లు ఎక్కడానికి వాడుకోవచ్చు, కానీ అది భక్తుల దారి, అక్కడ పరుగు తగదు, నడకగానే ఎక్కండి. బే ఏరియాలో ఉన్న మనవాళ్ల అదృష్టం వేరు: ఫ్రీమాంట్‌లో మిషన్ పీక్ స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు నుంచి ఎక్కి దిగితే 600 మీటర్లకు పైనే, లాగిన్ అయ్యేలోపు అయిపోతుంది.

రెండో లోపం నిద్ర. రాత్రి రెండింటికి ఆఫీసు అత్యవసర పిలుపుతో పేజర్ మోగి, నాలుగు దాకా లాగ్‌లు చూసి పడుకున్నవాడికీ, పదింటికి పడుకుని ఆరింటికి లేచినవాడికీ ఇంటర్వల్స్ ఒకే ఫామ్ చూపిస్తుంది. ఫామ్ లెక్కలో నిద్రకు చోటే లేదు. అయితే వెల్‌నెస్ పేజీలో నిద్ర గంటలు, విశ్రాంతి గుండె వేగం, హెచ్‌ఆర్‌వీ (గుండె చప్పుళ్ల మధ్య వ్యవధిలో వచ్చే హెచ్చుతగ్గులు) వాచీ నుంచి వచ్చి చేరతాయి. ఒత్తిడి, నొప్పి, ఉత్సాహం మనం ఎక్కించుకోవచ్చు. దానికి సొంత గడులు కూడా కలపొచ్చు. ‘రాత్రి ఎన్నిసార్లు లేపారు’ అని ఒకటి, ‘పదింటి తర్వాత కాల్’ అని ఒకటి పెట్టుకోండి. నెల తిరిగేసరికి హెచ్‌ఆర్‌వీ పడిపోయిన రోజుల్లో ఎన్ని కొండ వల్ల, ఎన్ని ఆఫీసు వల్ల అన్నది తేటపడుతుంది. హెచ్‌ఆర్‌వీని ఒక్క రోజు విలువతో తీర్పు చెప్పకండి, ఏడు రోజుల సగటు ఎటు పోతోందో చూడండి. ఆరు గంటల కంటే తక్కువ నిద్రపోతే ఆ రోజు గట్టి వేగపు పరుగులు మానేసి తేలిక పరుగు పెట్టుకోవడం మంచి నియమం.

శిక్షణ పుస్తకాల్లో మూడు వారాలు పెంచు, ఒక వారం తగ్గించు అని ఉంటుంది. ఆన్‌కాల్ (ఎప్పుడు పేజర్ మోగినా స్పందించాల్సిన డ్యూటీ) ఐదు వారాలకోసారి వచ్చే టీమ్‌లో ఆ క్రమం కుదరదు. ఇంటర్వల్స్ క్యాలెండర్‌లో ముందుగా ఆన్‌కాల్ వారాలు, రిలీజ్ రాత్రులు నోట్‌లుగా పెట్టేయండి; తగ్గించే వారం ఆన్‌కాల్ మీదికి వచ్చేలా మిగతా వారాలు సర్దండి. పేజర్ మోగిన పదిహేను నిమిషాల్లో ల్యాప్‌టాప్ ముందు ఉండాలంటే అనంతగిరిలో ఉండలేరు కదా. ఆ వారం ట్రెడ్‌మిల్, తొడలకు బరువుల వ్యాయామం చాలు. బరువులు ఎత్తిన రోజు లోడ్ 15, 20 మాత్రమే వస్తుంది. కాళ్లకు తగిలింది అంతకు ఎన్నో రెట్లు, కాబట్టి ఆ సంఖ్యను చేత్తో పెంచుకోండి. అమెరికా రిటైల్ క్లయింట్లున్నవాళ్లకు నవంబర్, డిసెంబర్ నెలల్లో కోడ్ ఫ్రీజ్ (కొత్త మార్పులు ఆపేసే కాలం) వస్తుంది. ఏడాదిలో పెద్ద దూరాలకు అంతకంటే మంచి అదను దొరకదు. చల్లగా కూడా ఉంటుంది.

వ్యాయామాలను మాటల్లో రాసుకునే పద్ధతి ప్రోగ్రామర్లకు భలే నచ్చుతుంది. గీతతో మొదలైన ఒక్కో లైనుకు నిమిషాలు, జోన్ (శ్రమ స్థాయి) రాస్తే చాలు, వాచీకి వెళ్లిపోతుంది. ప్లాన్ మొత్తాన్ని టెక్స్ట్ ఫైల్‌గా గిట్‌లో (కోడ్ మార్పులను దాచిపెట్టే సాధనం) పెట్టుకుని, ఏపీఐతో ఒకేసారి క్యాలెండర్‌లోకి పంపొచ్చు. ఆన్‌కాల్ తేదీలు మారితే స్క్రిప్ట్ మళ్లీ నడిపితే సరి. రెండు జాగ్రత్తలు: లాగిన్‌లో యూజర్‌నేమ్ చోట మీ పేరు కాదు, ఏపీఐ కీ అన్న మాటనే ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్‌తో ఇవ్వాలి, అసలు కీ పాస్‌వర్డ్ చోట వెళుతుంది. ఇది తెలియక అనుమతి లేదన్న ఎర్రర్‌తో గంటలు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. ఆ కీని పబ్లిక్ రిపాజిటరీలోకి తోసేయకండి, మీ నిద్ర, ఆరోగ్య వివరాలన్నీ దాని వెనకే ఉన్నాయి. ఇంకో మాట, మూడు నిమిషాల లోపు కొండ రిపీట్‌లకు గుండె వేగం లక్ష్యంగా పెట్టకండి. గుండె ఆ జోన్‌కు చేరేసరికి రిపీట్ అయిపోతుంది, వాచీ మాత్రం చివరిదాకా మొత్తుకుంటుంది.

నచ్చనివి కూడా ఉన్నాయి. స్క్రీన్ నిండా సంఖ్యలే, ఫోన్‌లో మరీ ఇరుకు. సెట్టింగులన్నీ ల్యాప్‌టాప్‌లో చేసుకుని ఫోన్‌ను చూడటానికి మాత్రమే వాడటం మేలు. కొత్తవాళ్లకు ఏ గ్రాఫు చూడాలో చెప్పే దారి సరిగా లేదు. ఏటవాలు బాగా పెరిగిన చోట, రాళ్ల దారిలో, వాలుకు సర్దిన వేగం నమ్మదగింది కాదు, దాన్ని దాచేసినా నష్టం లేదు. కోచ్ ఉన్నవాళ్లు ఆ కోచ్ వాడే సర్వీసులోనే ఉండటం మంచిది, రెండు చోట్ల ప్లాన్ నడిపితే ఎవరి మాట వినాలో తెలియదు. సొంతంగా సిద్ధమవుతూ, నాలుగు లైన్ల కోడ్ రాయడానికి వెనకాడనివాళ్లు మాత్రం ఈ వారాంతమే ఖాతా తెరవండి. మొదటి రోజు త్రెషోల్డ్ సరిచేయండి, రెండో రోజు దిగుడు ఫీల్డ్ రాయండి, తర్వాత ఆరు వారాలు ఫామ్ గీత జోలికి పోకుండా డేటా చేరనివ్వండి. నెలకు 4 డాలర్లు కట్టాలా వద్దా అన్నది అప్పుడు చూసుకోవచ్చు. ఒక్క మనిషి మొదలుపెట్టి ఇంత ఓపిగ్గా నిలబెట్టిన పనికి ఆ డబ్బు తగినదే.